కాళ్లే బ్రేకులు

వామన్‌రావు తాండూరు నుంచి పంపిన కాగితంలో పన్నెండు వరుసలున్నాయి. పదకొండు అబద్ధాలు. పన్నెండోది నా పేరు. దాని పక్కన సంతకానికి జాగా వదిలారు.

కాగితం తెచ్చినవాడు మున్షీ శంకరప్ప. వామన్‌రావు పాల కంత్రాటుకు లెక్కలు రాసేవాడు. వికారాబాద్ స్టేషన్ ముందున్న నా సైకిల్ దుకాణంలోకి వచ్చి, బల్ల మీద దాన్ని పరిచి, గాలికి ఎగిరిపోకుండా నా పానానే తీసి దాని మీద పెట్టాడు.

"సదువుకో పెద్దయ్యా. రేపు పొద్దున పదిగంటలకు తాండూరు గోదాంల పంచాయితి. దస్కత్ చేసి పట్కరా. నీకే మంచిది."

చదివాను. చదువెందుకు నేర్చుకున్నానా అనిపించింది. సైకిల్ మిస్త్రీ పెద్దయ్య కొత్త ఫ్రీవీలు బిగించి ఇచ్చేనాటికి భీమప్ప సైకిలుకు ముందు బ్రేకూ వెనక బ్రేకూ బాగున్నాయట. సదరు భీమప్ప కల్లు తాగి, ఒళ్లు తెలియకుండా అనంతగిరి ఘాటు దిగుతూ పడి తొడ విరగ్గొట్టుకున్నాడట. కంపెనీకి దీనితో సంబంధం లేదట. అతని వాడిక ఇవాళ్టి నుంచి రద్దట. వాడిక అంటే రోజూ పాలు పోసే హక్కు. అది పోతే గుట్ట మీది గొల్లగూడెంలో భీమప్ప ఇంటి ఎనిమిది బర్రెల పాలను కొనే నాథుడు లేడు. పాలు నేలపాలు చెయ్యాలి, లేకపోతే బర్రెలు అమ్ముకోవాలి.

భీమప్ప కల్లు ముట్టడు. ఇక బ్రేకులంటారా, ఆ సైకిలుకు పదేళ్లుగా బ్రేకులే లేవు. ఆ సంగతి నాకు తెలుసు, శంకరప్పకు తెలుసు, స్టేషన్ మెట్ల మీద పడుకునే కుక్కకు కూడా తెలుసు.

"గిది ఎవడు రాసిండు?" అన్నాను.

"రావుసాబ్ చెప్పిండు, నేను రాసిన."

"రాసేటప్పుడు నీ చెయ్యి వంకర పోలేదా?"

శంకరప్ప నొచ్చుకోలేదు. మున్షీలు నొచ్చుకోరు. కుర్చీ దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించాడు. "జర సోంచాయించు. దస్కత్ పెడితే ఈడి సైకిళ్లు పదకొండు, తాండూరుల ముప్పై, అన్నింటికి ఫ్రీవీలు బిగించే పని నీదే. పెట్టకపోతే? బ్రేకుల్లేని సైకిలుకు ఫ్రీవీలు పెట్టినోడు ఎవడు? నువ్వే. కేసు నీ మీదకొస్తది. భీమప్పే ఏమంటలేడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నాకు కోపమెక్కువ. మా అయ్య పటేలు ఇంట్లో జీతం చేసిన ముప్పై ఏళ్లూ మింగుకున్న కోపమంతా నాకు ఆస్తిగా వచ్చిందని నా భార్య మార్త అంటుంది. పానా తీసి బల్ల మీద కొట్టాను. శంకరప్ప లేచి, "రేపు పదిగంటలకు," అని చెప్పులేసుకుని వెళ్లాడు. వెళ్లేవాడు ఊరుకోక, "మంచి పనోడివి, ఆగం గాకు," అన్నాడు. ఆ మాటకు ఇంకా మండింది. ఎందుకంటే అది నిజం. నేను మంచి పనివాణ్నే. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ సైకిళ్ల సంగతి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు సర్కారు పాత సామానంతా హర్రాజు వేసింది. గుట్ట మీది గొల్లలు పన్నెండు మంది కలిసి పాత ఇంగ్లీషు సైకిళ్లు పన్నెండు పాడుకున్నారు. గోడకు గుద్దితే గోడ పడేంత గట్టి సైకిళ్లు. వాటి వెనక పళ్లచక్రం హబ్బుకు బిగుసుకుని ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పైడిళ్లు తిరగాల్సిందే, కాళ్లు ఆడాల్సిందే. దిగుడులో కాళ్లను బిగబట్టి వెనక్కి తొక్కితే చక్రం నెమ్మదిస్తుంది, ఇంకా గట్టిగా తొక్కితే ఆగుతుంది. కాళ్లే బ్రేకులన్నమాట.

చేతి బ్రేకులు కూడా ఉండేవి, ఇనుప కడ్డీలవి. అయితే క్యారేజికి రెండు వైపులా పాల క్యాన్లు తగిలించబోతే ఆ కడ్డీలు అడ్డం వచ్చేవి. మొదటి నెలలోనే పన్నెండు మందీ తీయించేశారు. తీసింది నేనే. తాండూరులో పని నేర్చుకుని అప్పుడే ఇక్కడ దుకాణం పెట్టాను, అది నా మొదటి బేరం. తర్వాత పదేళ్లు వాళ్లు రోజూ నిండు క్యాన్లతో ఆ ఘాటు దిగి ఏడు మైళ్లు వచ్చి స్టేషన్‌లో పాలు పోశారు. ఒక్కడు పడలేదు. ఒక్క చుక్క ఒలకలేదు. భీమప్ప పిక్కలు రోకళ్లలా ఉండేవి.

యాభై తొమ్మిదిలో దసరా పోయాక పట్నం బండి వేళ ముందుకు జరిగింది. పాలు ఇంకో పావుగంట ముందే స్టేషన్ చేరాలి. వామన్‌రావు ఒక గోనెసంచి నిండా కొత్త ఫ్రీవీళ్లు పంపించాడు. మన దేశంలోనే తయారైనవి, నూనె కాగితంలో చుట్టి మెరుస్తున్నాయి. దాంతోపాటు ఒక హుకుం: ఫ్రీవీలు ఉన్న సైకిలు మీద వచ్చిన పాలే తీసుకుంటాం. ఫ్రీవీలు ఉంటే తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. దిగుడులో కాళ్లు కదపక్కర్లేదు, సైకిలు దానంతటదే జారుతుంది, తొందరగా వస్తుంది. వామన్‌రావు జీపులో తిరిగే మనిషి. బుద్ధెరిగాక సైకిలెక్కలేదు. అయినా సైకిలు ఎట్లా ఉండాలో అతనే చెప్పాడు, మేమంతా విన్నాం.

మొదటి సైకిలు భీమప్పది. బిగించబోతే బిగియదు. పాత హబ్బు మీది మర, అంటే బిగించే చుట్లు, సన్నం, కొత్తదాని మర ముతక. రెండూ అత్తాకోడళ్లు, ఒకదాని మాట ఒకటి వినదు. రెండు చుట్లు తిరిగి అడ్డంగా పట్టేసేది. ఊళ్లో ఇంకో మిస్త్రీ ఉన్నాడు, చూసి కాదని పెదవి విరిచాడు. అంతే, నాకు పంతం పట్టింది. మూడు రోజులు కూర్చున్నాను. పాత మరను సన్నటి ఆకురాయితో ఒక్కో చుట్టూ లోతు చేశాను. వదులున్న చోట సిగరెట్ డబ్బా రేకును పేలికలా కోసి చుట్టాను. ఫ్రీవీలు వెడల్పు కాబట్టి చైను పక్కకు పోయింది. ఇరుసుకు రెండు వాషర్లు వేసి, చక్రం పుల్లలన్నీ సడలించి మళ్లీ ఒక్కోటి బిగించి రింగును నడిమికి తెచ్చాను. చివరికి సైకిలును తలకిందులు చేసి చక్రాన్ని తిప్పితే చుక్క ఔటు లేదు, ఎక్కడా పక్కకు ఊగలేదు. ఆపకపోతే అది అట్లాగే తిరుగుతూ ఉండేదేమో. గుల్బర్గా దాకా ఈ పని చేసేవాడు లేడనుకున్నాను. నా చేతులను నేనే చూసుకున్నాను.

అప్పుడు మార్త అన్నం గిన్నె తెచ్చింది. తిరుగుతున్న చక్రాన్ని కాసేపు చూసి ఏదో అడిగింది. "పనిల ఉన్నప్పుడు సతాయించకు," అని కసిరాను. ఆమె గిన్నె పెట్టి వెళ్లిపోయింది.

భీమప్ప వచ్చి స్టేషన్ ముందు రెండు చుట్లు తొక్కాడు. చదును నేల, ఖాళీ క్యాన్లు. కాలు నేలకు ఆనించి ఆపాడు. అది నా కళ్లతో చూసి కూడా నా బుర్రకు ఎక్కలేదు.

"అబ్బ, మస్తుగ పోతుందిరా పెద్దయ్యా! వెన్న మీద పోయినట్టున్నది."

"ఇగ నీ కాళ్లకు సెలవే, భీమప్పన్నా," అన్నాను.

నవ్వుకుంటూ గుట్ట మీదికి నెట్టుకుపోయాడు. ఎక్కుడులో ఎప్పుడూ నెట్టుకునే పోతారు. మర్నాడు పొద్దున నిండు క్యాన్లతో ఘాటు దిగాడు. వెనక వస్తున్నవాళ్లు చెప్పారు: మొదటి మలుపు దగ్గర కాళ్లు వెనక్కి తొక్కడం మొదలుపెట్టాడట. పైడిళ్లు వెనక్కి గిర్రున తిరుగుతున్నాయి, సైకిలు ముందుకు పోతూనే ఉంది. రెండో మలుపు దాకా తొక్కుతూనే ఉన్నాడట. చేతులతో ఆపుదామన్నా హ్యాండిల్‌కు ఏమీ లేదు. గట్టున ఉన్న రాయికి కొట్టుకున్నాడు. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. దవాఖానలో కట్టు కట్టి, నడుస్తాడు గాని ఆ కాలు ఇక బిగువు పట్టదని చెప్పి ఇంటికి పంపారు.

నేను వారం రోజులు అరిచాను. వామన్‌రావును తిట్టాను, అతని జీపును తిట్టాను, బండి వేళ మార్చినవాణ్ని తిట్టాను. మిగిలిన ఫ్రీవీళ్ల సంచిని దుకాణం వెనక మోరీలో పారేశాను. టీకొట్టు దగ్గర నా కోపాన్ని మెచ్చుకోని వాడు లేడు. గూడేనికి పోయి భీమప్పను చూసి రావాలని రోజూ అనుకున్నాను. పోలేదు. కోపంలో ఉన్నవాడికి అలాంటి పనులకు తీరిక ఉండదు.

కాగితం వచ్చిన సాయంత్రం దాన్ని మార్త ముందు పెట్టి, శంకరప్ప అన్నదంతా చెప్పాను. మార్త అక్షరాలు కూడబలుక్కుని చదివింది. బైబిల్ చదివే తీరులోనే, ఒక్కో మాట మీద వేలు పెట్టి.

"దస్కత్ పెడతవా?"

"నా చెయ్యి నరికినా పెట్ట."

"మరి ఆడికి పోయి ఏం జెప్తవ్?"

"ఏం జెప్త? ఆ రావుగాడి లంగతనమంతా బయట పెడత!"

"అంతేనా?" అని నా మొహంలోకి చూసింది. "ఆనాడు చక్రం తిప్పుతుంటే నేనొకటి అడిగిన. యాదికున్నదా?"

"లేదు."

"అబద్ధం."

అబద్ధమే. వారం రోజులుగా ఆ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతోంది. మార్త మెల్లగా మళ్లీ అడిగింది, అదే మాట.

"గిది దానంతటదే తిరుగుతనే ఉన్నది గద. మరి ఆగేదెట్ల?"

సైకిలెక్కడం రాని మనిషి. చక్రాన్ని ఒక్క చూపు చూసి అడిగింది. ఆ ఒక్క మాట నాకు రాలేదు, పన్నెండు సైకిళ్ల బ్రేకులూ నా చేత్తో విప్పిన నాకు. మర కలుస్తుందా, చైను సరిగ్గా వస్తుందా, ఇదే నా ధ్యాస. కాళ్లకు సెలవన్నాను గాని, ఆ కాళ్లే బ్రేకులన్నది మరిచాను.

సిగ్గొస్తే మనుషులు తల దించుకుంటారు. నాకు కోపమొస్తుంది. నీళ్ల డబ్బాను కాలితో తన్నాను. "నువ్వు గట్టిగ అడగాలె గద! నేను కసిరితే పోతవా?" అని మార్త మీద అరిచాను. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. మార్త డబ్బాను లేపి నిలబెట్టి, కొంగుతో నీళ్లు తుడిచింది.

"అరువు. రేపు తాండూరుల ఎవల మీద అరుస్తవో యోచన చేస్కో," అంది.

పొద్దున్నే భీమప్ప సైకిలు వెనక చక్రాన్ని విప్పి భుజాన వేసుకుని తాండూరు బండెక్కాను. ఆ సైకిలును ఘాటు నుంచి తెచ్చి నా దుకాణంలోనే పడేశారు. హ్యాండిల్ వంగింది, ముందు చక్రం ఎనిమిది అంకె అయ్యింది. నేను చేసిన వెనక చక్రానికి మాత్రం గీత పడలేదు. అది చూస్తే ఇంకా ఒళ్లు మండింది.

గోదాం ముందు నాపబండలు పరిచిన పెద్ద వాకిలి. తాండూరు వైపు నుంచి పాలు తెచ్చేవాళ్లు ముప్పై మంది, పొద్దుటి పాలు పోసేసి ఖాళీ క్యాన్లతో నిలబడి ఉన్నారు. వాళ్ల సైకిళ్లు గోడ పొడుగునా ఆనించి ఉన్నాయి, అన్నీ ఆ హర్రాజు కాలానివే. వామన్‌రావు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన బల్ల, బల్ల మీద ఫ్రీవీళ్ల కుప్ప. ఇవాళ కాగితం చదివి, ఇవాళే వీళ్లకు పంచుతారన్నమాట.

శంకరప్ప కాగితం చదివాడు. కల్లు అన్న మాటను గబగబా దాటేశాడు. వామన్‌రావు నా వైపు చెయ్యి చాపాడు. "దస్కత్ చేసి తెచ్చినవా?"

"చక్రం తెచ్చిన," అన్నాను.

చక్రాన్ని ఇరుసు మీద రెండు క్యాన్ల నడుమ నిలబెట్టి గట్టిగా తిప్పాను. తిరుగుతోంది. ముందు వరుసలో బిచ్చయ్య అనే ముసలాయన ఉన్నాడు, మా పాత పరిచయం.

"బిచ్చయ్య తాతా, గీ పళ్లచక్రాన్ని చేత్తో పట్టి వెనక్కి తిప్పి ఆపు. నీ కాలితో ఎట్లాపుతవో గట్ల."

బిచ్చయ్య పళ్లచక్రాన్ని పట్టుకుని వెనక్కి తిప్పాడు. టిక్ టిక్ మంటూ పళ్లచక్రం వెనక్కి తిరిగింది. పెద్ద చక్రం మాత్రం ముందుకే తిరుగుతోంది. ఇంకా గట్టిగా తిప్పాడు. చక్రానికి ఏమీ పట్టలేదు. ముసలాయన చెయ్యి తీసి చక్రం వంక అట్లాగే చూశాడు.

"గీ భీమప్ప తాగలే," అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది. "తొక్కిండు. రెండు మలుపులు తొక్కిండు. మీరు రోజు ఎట్ల తొక్కుతరో గట్లనే. తాగినోడు గట్ల తొక్కుతడా? సైకిలుకు బ్రేకులు లెవ్వు. పదేండ్ల సంది లెవ్వు. మీ దాంట్ల ఒక్కదానికన్న ఉన్నయా? సూస్కోండ్రి!"

ముప్పై తలలు గోడ వైపు తిరిగాయి. ముప్పై హ్యాండిళ్లు, ఒక్కదానికీ బ్రేకు పిడి లేదు.

వామన్‌రావు కుర్చీ నుంచి లేచాడు. "బ్రేకుల్లేవని తెలిసి ఎందుకు బిగించినవ్? మిస్త్రీవి నువ్వా, నేనా? అయితే తప్పు నీదే!"

రాత్రంతా సిద్ధం చేసుకున్న తిట్లన్నీ నోటి దాకా వచ్చాయి. మార్త నీళ్లు తుడుస్తున్న చెయ్యి గుర్తొచ్చింది.

"నాదే," అన్నాను. "రాస్కో మున్షీ. నాదే తప్పు. ఆగేదెట్ల అని నా భార్య మార్త అడిగింది. నోర్ముయ్యమన్న. మర కలిసిందని మురిసిన, మనిషిని మరిసిన. గిది మొత్తం రాయి, కింద దస్కత్ పెడత. గని దాని కింద ఇంకో వరుస రాయి. బిగించుమని హుకుం ఇచ్చిందెవలు? ఫ్రీవీలు లేకుంటే పాలు ముట్టమన్నదెవలు? గది రాయి. ఆ వరుస కాడ రావుసాబ్ దస్కత్ పెడతడు."

శంకరప్ప కలం పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. వామన్‌రావు నన్ను మా కులం పేరుతో తిట్టాడు. తిట్టనీ. ఆ రోజు ఆ మాట కూడా నన్ను కదిలించలేదు. బిచ్చయ్య వెళ్లి తన క్యాన్లను సైకిలుకు తగిలించుకున్నాడు.

"బ్రేకులు పెట్టిచ్చినంకనే మేము పాలు తెస్తం, రావుసాబ్," అన్నాడు. "భీమప్ప వాడిక పోతే మాది గూడ పోయినట్టే అనుకోండ్రి."

ఒకడి తర్వాత ఒకడు వెళ్లిపోయారు. బల్ల మీద కుప్ప కుప్పలాగే ఉంది. సాయంత్రం పాలు రాలేదు. బండికి ఖాళీ క్యాన్లు ఎక్కించాల్సి వచ్చేసరికి వామన్‌రావుకు జ్ఞానం వచ్చింది. మర్నాడు శంకరప్ప మళ్లీ నా దుకాణానికి వచ్చి, అందరి సైకిళ్లకూ బ్రేకులు కంపెనీయే పెట్టిస్తుందనీ, భీమప్ప వాడిక అట్లాగే ఉంటుందనీ, ఎల్లుండి నుంచి ఆ ఇంటి పాలు మాత్రం వేళకు రావాలనీ చెప్పాడు. తప్పు మాట, మన్నింపు మాట ఎక్కడా లేదు. వామన్‌రావు లాంటివాళ్ల దగ్గర అవి ఉండవు. కాగితం ఏమైందని అడిగితే, "ఏ కాగితం?" అన్నాడు.

అయినా నేను ఉబ్బిపోయాను. తాండూరు నుంచి వస్తూ బండిలో ముగ్గురికి చెప్పాను, టీకొట్టులో ఇంకో పదిమందికి. రాత్రీ పగలూ కూర్చుని భీమప్ప సైకిలు బాగు చేశాను. వెనక చక్రాన్ని ఆ ఫ్రీవీలుతోనే మళ్లీ తగిలించి, ముందు చక్రం ఔటు తీశాను. నా సొంత సైకిలు బ్రేకులు విప్పి దానికి పెట్టాను. వెనక బ్రేకుకు మాత్రం నా కడ్డీ పొట్టిగా వచ్చింది. సరే, ముందుది ఉందిగా అనుకుని మధ్యాహ్నం గుట్టెక్కాను. మెడలో దండ వేస్తారన్నంత ధీమాతో నెట్టుకుపోయాను.

హన్మమ్మ, భీమప్ప భార్య, కొట్టం ముందు పేడ ఎత్తుతోంది. నన్ను చూసి పలకరించలేదు. భీమప్ప వసారాలో మంచం మీద ఉన్నాడు. కాలికి వెదురుబద్దల కట్టు. ఆ రోకలి లాంటి పిక్క అప్పుడే సన్నబడింది.

"రా పెద్దయ్యా. తాండూరుల మస్తు మాట్లాడినవట."

"మాట్లాడిన, అన్నా. ఆ రావుకు మొకం లేకుండ చేసిన. నీ వాడిక ఉన్నది. ఆడ అందరి ముంగట నా తప్పు గూడ ఒప్పుకున్న, ముప్పై మంది ముంగట."

"అవునట. బిచ్చయ్య చెప్పి పంపిండు." భీమప్ప కట్టు మీద ఈగను తోలాడు. "ఆడ ముప్పై మందికి చెప్పినవ్. రైల్ల చెప్పినవ్, టీకొట్టు కాడ చెప్పినవ్. నాకెప్పుడు చెప్తవ్?"

అతను ఘాటులో పడి పదకొండు రోజులైంది, నేను ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ప్రపంచాన్నంతా తిట్టడానికి తీరిక దొరికింది నాకు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాదే తప్పు, భీమప్పన్నా. ఆగేదెట్ల అని మార్త అడిగింది. నేను ఇనలే."

భీమప్ప సైకిలు వంక చూశాడు. "రేపటి సంది పాలు హన్మమ్మ తీస్కపోతది. ఎక్కదు, నెట్టుకపోతది. దిగుడుల నిండు క్యాన్లు మనిషిని గుంజుకపోతయ్. ఇప్పుడన్న ఆగుతదా గిది?"

"ముంగట బ్రేకు పెట్టిన. ఎనుక దానికి కడ్డీ దొరకలే."

హన్మమ్మ పేడతట్ట కింద పడేసి లోపలికి పోయింది. వంట పొయ్యి దగ్గర నుంచి ఏదో తెచ్చి నా ముందు నేల మీదికి విసిరింది. బ్రేకు కడ్డీ. మసి పట్టి నల్లగా, కొన కొంచెం వంగి ఉంది.

"పదేండ్ల సంది దీంతోని పొయ్యిల నిప్పులు ఎగదోస్తున్న," అంది. "ఆయన పడ్డనాడు గూడ దీంతోనే ఎగదోసిన. గిది ఏందని మీ మొగోళ్లకు ఒక్కలకన్న యాదికొచ్చిందా?"

నేను తలెత్తలేదు. కడ్డీని రాయి మీద పెట్టి సాపు చేసి, మసి గీకి, వెనక బ్రేకుకు తగిలించాను. సరిగ్గా సరిపోయింది. అది ఆ సైకిలుదే కదా. హన్మమ్మ వచ్చి పిడి నొక్కింది, సైకిలును ముందుకు తోసింది. చక్రం కదల్లేదు. ఇంకా గట్టిగా తోసింది. ఆమె నమ్మలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఈడ చదునుల ఆగితే ఏం లాభం," అన్నాడు భీమప్ప. "క్యాన్లల్ల నీళ్లు నింపి ఘాటు దిగి సూపెట్టు."

నింపి, బ్రేకు కడ్డీలకు అడ్డం రాకుండా క్యాన్లను కాస్త వెనక్కి జరిపి తాడుతో కట్టాను. ఎండ ఇంకా ఉంది. ఘాటు మొదట్లో ఎక్కి కూర్చుని రెండు చేతులూ పిడుల మీద పెట్టుకున్నాను. బ్రేకులు నేనే బిగించాను, హన్మమ్మ చూసింది, భయపడాల్సిందేమీ లేదు. సైకిలు జారడం మొదలుపెట్టింది. నీళ్ల బరువు వెనక నుంచి తోస్తోంది. మొదటి మలుపు వచ్చింది.

నా కాళ్లు వెనక్కి తొక్కాయి.

తొక్కాలని నేననుకోలేదు. నేనూ ఆ పాత సైకిళ్ల మీద నేర్చుకున్నవాణ్నే, కాళ్లు నన్ను అడగలేదు. పైడిల్ గిర్రున వెనక్కి తిరిగింది. పాదం కింద ఏమీ తగల్లేదు. మళ్లీ తొక్కాయి. మళ్లీ ఏమీ లేదు. చేతుల్లో బ్రేకులున్నాయన్న మాటే మరిచిపోయాను, రెండో మలుపు మీదికొచ్చేస్తోంది. అప్పుడు గుర్తొచ్చి రెండు పిడులూ బిగబట్టాను. పొయ్యిలో కాలిన కడ్డీ కిర్రుమంది. సైకిలు ఈడ్చుకుపోయి, రెండో మలుపు రాయికి నాలుగడుగుల ముందు ఆగింది.

దిగి నిలబడ్డాను. రాయి మీద భీమప్ప పడ్డనాడు హ్యాండిల్ గీసుకున్న గీత తెల్లగా ఉంది. ఎవరి మీదైనా అరవాలనిపించింది. అరవడానికి అక్కడ ఎవరూ లేరు. సైకిలును వెనక్కి తిప్పి, నీళ్ల క్యాన్లతోనే మళ్లీ పైకి నెట్టుకొచ్చాను.

భీమప్ప మంచం మీద మోచేతి మీద లేచి చూస్తున్నాడు. హన్మమ్మ గుమ్మంలో ఉంది.

"ఆగిందా?" అంది.

"ఆగింది, వదినే."

భీమప్ప నా మొహం చూశాడు. నా కాళ్ల వంక చూశాడు.

"కాళ్లు?" అన్నాడు.

"ఎనుకకు తొక్కినయ్, అన్నా."

అతను మెల్లగా మంచం మీదికి వాలాడు.

"అవు," అన్నాడు. "నావి గూడ గట్లనే తొక్కినయ్."